నిప్పు రాజేసే కథలో కుక్క ఎందుకుంది?

రాయగడ_నాన్న | రాయగడ | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కిరాణా కొట్టు. సాహిత్యం నా సబ్జెక్టు కాదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా పాప ప్లస్ టూ. ఇంగ్లిష్ క్లాసులో జాక్ లండన్ రాసిన ‘టు బిల్డ్ ఎ ఫైర్’ కథ ఇచ్చి, ఇందులో వాడిన సాహిత్య పద్ధతులు కథ థీమ్‌ని ఎలా అందిస్తున్నాయో రాయమన్నారు. పాప చక్కగా గళ్లు గీసి పట్టిక వేసింది. మంచు అంటే చావు, నిప్పు అంటే ప్రాణం, కుక్క అంటే సహజ జ్ఞానం, థీమ్ ఏమో మనిషికీ ప్రకృతికీ పోరాటం. పదికి నాలుగు వచ్చాయి. కింద ఎర్ర సిరాతో "పట్టిక బాగుంది, జవాబు ఏది?" అని ఉంది. బుధవారం లోపల మళ్లీ రాసి ఇవ్వాలట. ఇంట్లో ఒకటే టెన్షన్.

కథ నాకు అర్థమైనంతవరకు చెబుతాను. కెనడా ఉత్తర భాగంలో యూకాన్ అనే చోట, విపరీతమైన చలిలో ఒక మనిషి కాలినడకన బయల్దేరతాడు. సాయంత్రం ఆరింటికి స్నేహితుల క్యాంపుకి చేరాలి. తోడు ఒక కుక్క మాత్రమే. ఆ చలిలో ఒంటరిగా వెళ్లొద్దని ఒక పెద్దాయన ముందే చెప్పాడు, ఇతను నవ్వుకున్నాడు. దారిలో మంచు పెచ్చు విరిగి కాళ్లు మోకాళ్లకి సగం ఎత్తు దాకా తడుస్తాయి. వెంటనే నిప్పు రాజేసి ఆరబెట్టుకోకపోతే కాళ్లు పోతాయి. రాజేస్తాడు. ఆ నిప్పు మీద చెట్టు కొమ్మల మంచు పడి ఆరిపోతుంది. రెండోసారి వేళ్లు పనిచేయవు. చివరికి చనిపోతాడు, కుక్క వెళ్లిపోతుంది.

పట్టికలో తప్పేముందో నాకు తెలియట్లేదు.

లోకో_బాబాయ్ | కొరాపుట్ | శనివారం రాత్రి 10:05

తప్పేమీ లేదు తమ్ముడూ. అసలు నా అనుమానం వేరు. రచయిత ఇవన్నీ అనుకుని రాశాడా? చలిలో ఒకడు చచ్చిపోయిన కథ రాసుకున్నాడు. మంచు అంటే మంచే. ఈ మాస్టర్లే కూర్చుని మంచులో చావునీ, కుక్కలో జ్ఞానాన్నీ వెతుకుతారు. నేను కేకే (కొత్తవలస-కిరండూల్) రైలు లైనులో ఇరవై ఏళ్లుగా గూడ్సు నడుపుతున్నా. డిసెంబర్‌లో ఇక్కడ పొగమంచు దిగితే ఎదర సిగ్నల్ కనిపించదు. అది దేనికీ ప్రతీక కాదు, సిగ్నల్ కనిపించదు, అంతే.

వంశధార | గుణుపూర్ | శనివారం రాత్రి 10:31

బాబాయ్ గారు అడిగింది మంచి ప్రశ్న. ఈ కథ విషయంలో దానికి సాక్ష్యం కూడా ఉంది.

లండన్ ఈ కథని రెండుసార్లు రాశాడు. మొదటిది 1902లో పిల్లల పత్రికలో వచ్చింది. అందులో మనిషికి పేరుంది, టామ్ విన్సెంట్. కుక్క లేదు. చేతులు కాల్చుకునైనా నిప్పు రాజేసి బతికి బయటపడతాడు. ఒంటరిగా ప్రయాణం చేయొద్దన్న నీతిని రచయిత మొదట్లోనే చెబుతాడు, చివర్లో టామ్ నోట మళ్లీ చెప్పిస్తాడు. 1908లో అదే కథని పెద్దల పత్రికకి మళ్లీ రాశాడు. పాప చదివింది ఇదే. ఇందులో పేరు తీసేశాడు. కుక్కని తెచ్చాడు. మనిషిని చంపేశాడు. నీతి వాక్యాన్ని చివర్నుంచి ఎత్తేసి, ఆ పెద్దాయన నోట్లో ఒక పాత మాటగా పెట్టాడు.

అనుకోకుండా రాసేవాడు ఇలా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోడు కదా? పాపకి నా సలహా ఒకటే. "కుక్క దేనికి ప్రతీక" అని మొదలుపెట్టొద్దు. "కుక్క లేకపోతే కథలో ఏం పోతుంది" అని అడుక్కోమనండి. పేరు ఉంటే ఏం మారేది? నీతి చివర్లో ఉంటే మనకి ఏం మిగిలేది? పట్టికలో రాని జవాబు అక్కడ దొరుకుతుంది.

లోకో_బాబాయ్ | కొరాపుట్ | శనివారం రాత్రి 10:38

రెండుసార్లు రాశాడని నాకు తెలీదు. సరే, ఒక మెట్టు దిగాను. ఒక్క మెట్టే.

పాత_మాస్టారు | పర్లాకిమిడి | ఆదివారం ఉదయం 6:15

తెల్లారి లేవగానే చదివాను. ముందు ఒక మాట సరిచూసుకుందాం. థీమ్‌ని కొందరు ఇతివృత్తం అని రాస్తుంటారు. ఇతివృత్తం అంటే కథలో జరిగిన సంగతి. మనిషి వెళ్లాడు, తడిశాడు, పోయాడు, అదీ ఇతివృత్తం. థీమ్ అంటే ఆ సంగతి వెనకాల నిలబడి ఉన్న మాట. రెండూ కలిపేసుకుంటే ప్రశ్నే అర్థం కాదు. పాప "మనిషికీ ప్రకృతికీ పోరాటం" అని రాసింది కదా, అది ఇంకా ఇతివృత్తం గుమ్మం దగ్గరే ఉంది.

ఇక పద్ధతుల సంగతి. మన అలంకార శాస్త్రంలో ఇది పాత తగాదాయే. కావ్యానికి నగలు పెడితే అందం వస్తుందన్నవాళ్లు కొందరు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు వచ్చి, నగల లెక్క కాదయ్యా, చెప్పకుండానే వినబడేది ఒకటుంది, దాని పేరు ధ్వని అన్నాడు. బడిలో చెప్పే ఉదాహరణ గంగలో పల్లె. గంగలో పల్లె ఎలా ఉంటుంది, మునిగిపోదూ? ఒడ్డున ఉందని అర్థం చేసుకుంటాం. కానీ ఒడ్డున అనకుండా గంగలో అన్నందుకు ఆ చల్లదనం, ఆ పవిత్రత పల్లెకి అంటుకున్నాయి. ఒడ్డున అని ఉంటే అవి రావు.

వంశధారమ్మ చెప్పిన రెండు కథలకీ ఇదే తేడా. 1902 కథలో థీమ్ వాచ్యం. నోరు తెరిచి చెప్పేశాడు. 1908 కథలో ధ్వని. నోరు మూసుకున్నాడు, మనకి వినబడింది. పాప వేసిన పట్టిక నగల జాబితా. మెడలో ఏముంది, చేతికి ఏముంది అని రాసుకున్నట్టు. మనిషి ఎవరో రాయలేదు.

రాయగడ_నాన్న | రాయగడ | ఆదివారం ఉదయం 9:20

మాస్టారూ, నగల జాబితా మాట పాపకి చదివి వినిపించాను. మొహం మాడ్చుకుంది గానీ పట్టిక చింపేసింది. కొట్టు తెరిచే వేళయింది, మధ్యాహ్నం వస్తా.

మద్దిచెట్టు | సిరోంచ | ఆదివారం ఉదయం 11:02

మాది మహారాష్ట్రలో సిరోంచ. వంతెన దాటితే కాళేశ్వరం. మాకు ఈ కథలోని చలి తెలియదు, ఎండ తెలుసు. ఒక సంగతి చెప్తా, పనికొస్తే తీసుకోండి.

చాన్నాళ్ల కింద మే నెలలో తునికాకు, అంటే బీడీ ఆకు సీజన్. నేను ఆకు కొనే కల్లం దగ్గర లెక్కలు రాసేటోణ్ణి. పక్క ఊరి కల్లానికి చిట్టా ఇచ్చి రావాలె. రోడ్డు మీద పోతే చుట్టు తిరగాలె, వాగు వెంబడి అడవిలకెళ్లి పోతే దగ్గర. పొద్దున పదకొండు దాటింది. అక్కడ మాడియా గిరిజన ముసలాయన ఒకాయన బీడీ తాగుకుంట కూర్చున్నడు. పొద్దు వాలినంక పో అన్నడు. నా దగ్గర లీటరు సీసా ఉంది, గంటల పోయొస్తా అనుకున్నా. వాగు మొత్తం ఎండిపోయి ఉంది. తెల్లటి రాళ్లు, కండ్లు తెరవనీయవు. సీసా సగం దారిలనే అయిపోయింది. ఇంకొంచెం నడిచినంక చెమట పట్టడం ఆగిపోయింది. పర్వాలేదు, ఒళ్లు చల్లబడ్డది అనుకున్నా. నవ్వకండి, నిజంగా అట్లనే అనుకున్నా.

ఆ తర్వాత నాకు సరిగ్గా యాదికి లేదు. మేకలు కాసే పిల్లలు చూసి నీళ్లు చల్లి మోసుకొచ్చిండ్రట. ఆ ముసలాయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు అనిపించింది.

వంశధార | గుణుపూర్ | ఆదివారం ఉదయం 11:40

అన్నా, నవ్వలేదు. ఒళ్లు జలదరించింది. వడదెబ్బ ముదిరితే చెమట ఆగిపోతుందని చాలామందికి తెలుసు. మీరు "ఒళ్లు చల్లబడ్డది" అనుకున్నారు, చదువుతున్న మాకు మాత్రం గుండె దడ మొదలైంది. మీకు తెలియనిది మాకు తెలుసు. పాఠకుడికి తెలిసి పాత్రకి తెలియకపోవడం అనే పద్ధతికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను క్లాసులో చెప్పలేను.

లండన్ కథలో సరిగ్గా ఇలాంటి చోటే ఉంది. ఆ మనిషి ఉమ్ముతాడు. ఉమ్మి నేల మీద పడకముందే గాలిలోనే చిటపటమని గడ్డకడుతుంది. సున్నాకి యాభై డిగ్రీలు కిందకి పోతే ఉమ్మి మంచు మీద పడి చిట్లుతుందని అతనికి తెలుసు. ఇది గాలిలోనే చిట్లింది. అంటే యాభై కన్నా కిందే. ఎంత కిందో తెలియదు, ఫర్వాలేదు అనుకుని నడుస్తాడు. తెలివి లేనివాడు కాదు. చూశాడు, పోల్చుకున్నాడు, లెక్క కూడా వేశాడు. ఆ లెక్క తన ఒంటికి వర్తిస్తుందని మాత్రం అనుకోలేదు. మీకు చెమటలా అతనికి ఉమ్మి.

బరంపురం_అనువాదం | బ్రహ్మపుర | ఆదివారం మధ్యాహ్నం 12:15

అక్కా, ఆ అంకెల గురించి ఒక మాట. కథలో చలి సున్నాకి 75 డిగ్రీలు కింద. అది ఫారన్‌హీట్. మన లెక్కలో సుమారు మైనస్ 59. ఫారన్‌హీట్‌లో నీళ్లు గడ్డకట్టేది 32 దగ్గర కాబట్టి, గడ్డకట్టే స్థాయికి 107 డిగ్రీలు కిందన్నమాట. రచయితే ఈ కూడిక చేసి చూపిస్తాడు. మొదటిసారి చదివినప్పుడు ఈ లెక్కల గొడవ ఏంటని దాటేశాను. తర్వాత తెలిసింది, దాటేయడమే ఉచ్చు అని. ఆ మనిషి కూడా అంకెని చూసి దాటేశాడు కదా. అంకె తెలుసు, అర్థం తెలియదు. చదివేవాడి చేత కూడా అదే తప్పు చేయించాడు రచయిత.

మద్దిచెట్టు | సిరోంచ | ఆదివారం మధ్యాహ్నం 12:30

చంద్రపూర్ దిక్కు 46, 47 అని టీవీలో చెప్తరు. చూస్తం, ఛానల్ మారుస్తం.

లోకో_బాబాయ్ | కొరాపుట్ | ఆదివారం మధ్యాహ్నం 2:10

డ్యూటీ దిగి వచ్చాను. ఇంకో మెట్టు దిగుతున్నా, కానీ ఒక పేచీ. వంశధారమ్మా, కుక్క లేకపోతే ఏం పోతుందని అడిగావు. నువ్వే చెప్పు, ఏం పోతుంది? నాకైతే కుక్క ఊరికే తోకాడిస్తూ వెనకాల వస్తోందనే అనిపించింది.

వంశధార | గుణుపూర్ | ఆదివారం మధ్యాహ్నం 3:05

బాబాయ్, తోకాడించట్లేదు! తోక వేలాడేసుకుని, ఇది నడిచే రోజు కాదని భయపడుతూ వస్తోంది. రచయిత మధ్యమధ్యలో కుక్క మనసులోకి దూరతాడు. కుక్కకి థర్మామీటర్ తెలియదు. 75 డిగ్రీలని తెలియదు. వెళ్లకూడదని మాత్రం తెలుసు. మనిషికి అంకె తెలుసు, కుక్కకి చలి తెలుసు. దృష్టికోణం ఇద్దరి మధ్యా ఇలా మార్చడం వల్లే ఆ పోలిక పుడుతుంది. "మనిషి విర్రవీగాడు" అని రచయిత ఒక్క ముక్క అనక్కర్లేదు.

ఇంకోటుంది, చాలామంది గమనించరు. దారిలో మంచు కింద నీళ్లుండే చోటు అనుమానం వచ్చి మనిషి కుక్కని ముందుకి నెడతాడు. కుక్క మొరాయిస్తుంది, అయినా తోస్తాడు. దాని కాళ్లు తడుస్తాయి. వెంటనే అది కూర్చుని వేళ్ల మధ్య పేరుకున్న మంచుని పళ్లతో కొరికి తీసేసుకుంటుంది. కాసేపటికి అదే ప్రమాదం మనిషికి వస్తుంది. కాళ్లు తడవడం ఒకటే, తర్వాత జరిగింది వేరు. కుక్కకి కావలసిందల్లా దాని దగ్గరే ఉంది. మనిషికి పుల్లలు కావాలి, బెరడు కావాలి, అగ్గిపుల్లలు కావాలి, వాటిని పట్టుకునే వేళ్లు కావాలి. ఒకటి పోతే అన్నీ పోయినట్టే. చివరికి 70 అగ్గిపుల్లలూ ఒకేసారి రెండు అరచేతుల మధ్య నొక్కిపట్టి వెలిగిస్తాడు. తన చెయ్యి కాలుతున్నట్టు అతనికి ముందు వాసన వల్ల తెలుస్తుంది. నొప్పి తర్వాత. నాకు ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేయాలనిపిస్తుంది, ప్రతిసారీ.

పాత_మాస్టారు | పర్లాకిమిడి | ఆదివారం సాయంత్రం 5:30

వేమన పద్యం గుర్తొచ్చింది. నీళ్లలో ఉన్న మొసలి ఏనుగునే పట్టేస్తుంది, అదే మొసలి గట్టెక్కితే కుక్క చేతిలో భంగపడుతుంది. అది స్థానబలిమి, తన బలిమి కాదు. చూశారా, ఇక్కడా కుక్కే! లండన్ కథలో మనిషి గట్టెక్కిన మొసలి. వాడి తెలివి, వాడి అగ్గిపుల్లలు, వాడి గడియారం ఊళ్లో గొప్పవే. స్థానం మారింది.

పాప "మనిషికీ ప్రకృతికీ పోరాటం" అన్న చోట దీన్ని పెట్టి చూడమనండి. పోరాటం అంటే రెండో పక్షం కూడా పోరాడాలిగా? ఆ చలి ఎవరి మీదా కత్తి కట్టలేదు. చెట్టు కొమ్మ మీది మంచు పగబట్టి పడలేదు. ఆయనే కొమ్మల కింద నిప్పు పెట్టి, ఆ చెట్టు పుల్లలే లాగుతూ, ఒక్కో లాగుకి చెట్టుని కాస్త కాస్త కదిపాడు. పై కొమ్మ జారింది, కింది కొమ్మ మీద పడింది, అలా కింద దాకా. గజేంద్రుడు మొరపెట్టుకుంటే వినడానికి వైకుంఠంలో ఒకడున్నాడు. ఇక్కడ మొర వినేవాడు లేడు, పగబట్టినవాడూ లేడు. అదే ఆ కథలో భయం.

మద్దిచెట్టు | సిరోంచ | ఆదివారం రాత్రి 8:45

మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది గాని నేను పూర్తిగ ఒప్పుకోను. అడవికి మన మీద పగ లేదు, ప్రేమా లేదు అనుడు బయటి నుంచి వచ్చినోళ్ల మాట. ఆ మనిషి ఆ దేశానికి కొత్త, అది అతనికి మొదటి చలికాలం అని కథలనే ఉందంట కదా, మా అల్లుడు ఫోన్లో వెతికి చెప్పిండు. అక్కడనే పుట్టి పెరిగిన మనుషులకి ఆ చలి అట్ల కనబడదు.

మా దగ్గర చూడండి. ఇప్పపువ్వు రాలే దినాల్ల తెల్లారకముందే ఎలుగుబంటి వస్తది చెట్ల కిందికి. మనుషులూ పోవాలె, అదీ రావాలె. ఎవలు ఎప్పుడు పోవాలెనో ఒక లెక్క ఉంటది. ఆ లెక్క తెలియనోడికి అడవి పట్టించుకోనట్టు కనబడతది. తెలిసినోడికి అడవి దినామూ మాట్లాడతనే ఉంటది. నాకు ఆ దినం ముసలాయన చెప్పింది అదే. నేనే వినలేదు.

వంశధార | గుణుపూర్ | ఆదివారం రాత్రి 9:30

అన్నా, ఈ మాట మీద రెండు రోజులు ఆలోచించినా సరిపోదు. మా వైపు ఏజెన్సీ ఊళ్లలో కూడా కొత్తల పండుగ చేయకుండా మామిడికాయ ముట్టుకోనివాళ్లు ఉన్నారు. అడవి నుంచి తీసుకునే ముందు అడగాలనే పద్ధతి అది.

మీ మాటతో కథని మళ్లీ చూస్తే ఒకటి తడుతోంది. ఆ నేల తెలిసినవాళ్లు కథలో ఉన్నారు, కానీ ఎవరూ మాట్లాడే చోట లేరు. పెద్దాయన ఎక్కడో సల్ఫర్ క్రీక్ దగ్గర ఉండిపోయాడు, అతని మాట జ్ఞాపకంలో మాత్రమే వినిపిస్తుంది. రెండోది ఆ దేశపు కుక్క, దానికి నోరు లేదు. తెలిసినవాళ్లని అందుబాటులో లేకుండా చేసి, తెలియనివాణ్ణి మధ్యలో నడిపించాడు. పాత్రల్ని ఎక్కడ నిలబెట్టాలో ఎంచుకోవడం కూడా పద్ధతే, పట్టికలో దానికి గడి ఉండదు గానీ. ప్రకృతి నిర్లక్ష్యంగా ఉందని కథ అంటోందా, లేక వినడం రానివాడికి అలా కనిపిస్తుందని అంటోందా? నేను ఇన్నాళ్లూ మొదటిదే చెబుతూ వచ్చాను. ఇప్పుడు నమ్మకం సడలింది.

లోకో_బాబాయ్ | కొరాపుట్ | ఆదివారం రాత్రి 9:41

లెక్చరరు గారే మెట్లు దిగుతున్నారు. నేను కాసేపు ఇక్కడే కూర్చుంటా.

రాయగడ_నాన్న | రాయగడ | సోమవారం రాత్రి 10:15

ఇక్కడ రాసినవన్నీ పాపకి చదివి వినిపించాను. ఇప్పుడు ఇంకో సమస్య వచ్చింది. మా అమ్మ కూడా పక్కనే ఉండి విన్నది. కథ మొత్తం తెలుగులో చెప్పమని పట్టుబట్టింది. పాప ఒక నోటుబుక్‌లో అనువాదం మొదలుపెట్టింది. రాసిన రెండు పేజీలు నానమ్మకి చదివితే, "వాడికి పేరు లేదా? ఏ తల్లి కన్న బిడ్డో" అంది. పేరు లేదు అంటే ఊరుకోదు. పాప ఏమంటుందంటే, పేరు పెడితే ఒకడి కథ అవుతుంది, పెట్టకపోతే ఎవరి కథైనా అవుతుంది, నానమ్మ "ఏ తల్లి కన్న బిడ్డో" అన్నది అందుకే అని. ఆ వాక్యం జవాబులో రాయమన్నాను. సరేనా?

ఇంకో అనుమానం. ఇంగ్లిష్‌లో మాటిమాటికీ ‘కోల్డ్’ అని ఉందట. తెలుగులో అన్నిసార్లు ‘చలి’ అంటే బాగోదని శీతలం, హిమం, చల్లదనం అని మార్చి మార్చి రాసింది. బాగుందా?

పాత_మాస్టారు | పర్లాకిమిడి | మంగళవారం ఉదయం 5:50

నానమ్మ సంగతి బ్రహ్మాండం, తప్పకుండా రాయమనండి.

రెండోదానికి మాత్రం ఒప్పుకోను బాబూ. చలి అంటే చలి. ఆ మనిషి ఎటు తిరిగినా అదే ఎదురవ్వాలి. మాట మార్చితే చదివేవాడికి ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది, ఆ మనిషికి దొరకలేదు కదా. మొదటి పేరాలోనే చలి, సూర్యుడు లేని ఆకాశం. అక్కణ్ణుంచి చివరిదాకా ఒకటే మాట సుత్తి దెబ్బలా పడాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠం చెప్పిన ఊరు మాది. ఇక్కడ కూర్చుని ‘శీతలం’ చదవమంటే నా వల్ల కాదు.

బరంపురం_అనువాదం | బ్రహ్మపుర | మంగళవారం మధ్యాహ్నం 1:20

మాస్టారి మాటకి నా ఓటు. పాపకి ఇంకో చిక్కు రాబోతోంది, ముందే చెబుతున్నా. ఇంగ్లిష్‌లో ‘హి’ అంటే సరిపోతుంది. తెలుగులో అతను అనాలా, వాడు అనాలా, ఆయన అనాలా? ‘వాడు’ అంటే మొదటి వాక్యంలోనే తీర్పు ఇచ్చేసినట్టు, తగిన శాస్తి జరిగిందన్నట్టు ఉంటుంది. ‘ఆయన’ అంటే జాలి ముందే వచ్చేస్తుంది. రచయిత ఎటూ మొగ్గకుండా చూస్తున్నాడు. ‘అతను’ ఒక్కటే ఆ దూరం ఉంచుతుంది. మన కేశవరెడ్డి గారి అడవి నవల పేరులోనే ‘అతడు’ ఉంది చూడండి. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ముసలివాడికి పేరు బదులు ఆ సర్వనామం. ఇంగ్లిష్ రచయితకి లేని పనిముట్టు మనకుంది. ఉందని తెలియకుండా వాడితే తప్పు చోట తెగుతుంది.

నేను పైన మాస్టారి పోస్టులోనే చూశాను. "ఆయనే కొమ్మల కింద నిప్పు పెట్టి" అన్నారు, అంతకు ముందు పేరాలో "వాడి తెలివి" అన్నారు. మాస్టారికే మనసు ఊగింది.

పాత_మాస్టారు | పర్లాకిమిడి | మంగళవారం మధ్యాహ్నం 2:05

దొరికిపోయాను. చెట్టు కదిపే చోటుకి వచ్చేసరికి జాలేసిందమ్మా.

వంశధార | గుణుపూర్ | మంగళవారం సాయంత్రం 6:40

బుధవారం రేపే కదా. నాన్నగారూ, పాప జవాబు ఎక్కడిదాకా వచ్చింది? అన్నీ పెట్టాలని చూడొద్దని చెప్పండి. ఒక్క కుక్క చాలు. కుక్క తడవడం, మనిషి తడవడం పక్కపక్కన పెట్టి, అక్కణ్ణుంచి చివరి పేరాకి వెళ్తే సరిపోతుంది. చేతులు వెచ్చబెట్టుకోవడానికి కుక్కనే చంపుదామని చూసి, కత్తి పట్టుకోలేక వదిలేసే చోటు కూడా మర్చిపోవద్దు. దాన్ని కౌగిలించుకున్నట్టు పట్టుకుని కూర్చుంటాడు, ఏమీ చేయలేడు. దూరం నుంచి చూస్తే ప్రేమగా పట్టుకున్నట్టే ఉంటుంది ఆ దృశ్యం.

లోకో_బాబాయ్ | కొరాపుట్ | మంగళవారం రాత్రి 8:10

నిన్న రాత్రి కథ చదివాను. ఫోన్లో, ఇంగ్లిష్‌లో, డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు గంటలు పట్టింది. ఒక చోట ఆగిపోయా. చనిపోయే ముందు అతను, స్నేహితులతో కలిసి తన శవాన్ని తనే వెతుకుతున్నట్టు ఊహించుకుంటాడు. కథ మొదట్లో రచయిత అతనికి ఊహాశక్తి లేదని చెప్పాడు కదా. చివరికి వచ్చింది. రావాల్సిన టైముకి రాలేదు, అంతే. లేటుగా వచ్చిన సిగ్నల్.

ఆ మాట అన్నాక గుర్తొచ్చింది, మొదటి రోజు సిగ్నల్ దేనికీ ప్రతీక కాదన్నాను నేనే. ఎవరూ ఎత్తిచూపకండి.

మద్దిచెట్టు | సిరోంచ | మంగళవారం రాత్రి 8:22

ఎత్తిచూపం బాబాయ్. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నం.

రాయగడ_నాన్న | రాయగడ | మంగళవారం రాత్రి 11:30

పాప జవాబు పూర్తయింది. రెండు పేజీలు, పట్టిక లేదు. కుక్క మీదే రాసింది. మద్దిచెట్టు గారి చెమట సంగతి కూడా ఒక వాక్యం పెడతానంటే, పరీక్ష జవాబులో ఊరి సంగతులు వద్దన్నాను. వినలేదు, పెట్టేసింది. ఎన్ని మార్కులొస్తాయో చూడాలి.

అనువాదం కూడా చివరి పేరా దాకా వచ్చింది. అక్కడ ఆగింది. చనిపోయాక కూడా ‘అతను కదల్లేదు’ అనే రాయాలా, శవం కాబట్టి ‘అది కదల్లేదు’ అనాలా అని అడుగుతోంది. పడుకోనివ్వట్లేదు. ఎవరైనా మేలుకుని ఉన్నారా?

బరంపురం_అనువాదం | బ్రహ్మపుర | మంగళవారం రాత్రి 11:41

ఉన్నాను. మనిషి పోయినట్టు మనకి ఎవరు చెబుతారు? రచయిత నేరుగా చెప్పడు. కుక్క దగ్గరికి పాకి వెళ్లి, చావు వాసన పట్టి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని వెనక్కి జరుగుతుంది. అప్పుడు తెలుస్తుంది. కాబట్టి కుక్కకి తెలిసేదాకా ‘అతను’. ఆ తర్వాత పాప ఇష్టం.

రాయగడ_నాన్న | రాయగడ | బుధవారం ఉదయం 7:05

అలాగే మార్చింది. కుక్క వాసన పట్టిన వాక్యం దాకా ‘అతను’, ఆ తర్వాత ‘అది’. చివరి నాలుగు వాక్యాలు పొద్దున్నే నానమ్మకి చదివింది. కుక్క చుక్కల కింద నిలబడి కాసేపు ఊళ వేసి, తిండీ నిప్పూ ఇచ్చే వేరే మనుషులున్న క్యాంపు వైపు వెళ్లిపోతుంది కదా. అక్కడ పాప రాసింది ఇది: "అది కదల్లేదు. అది కాసేపు ఊళ వేసింది. తర్వాత దారి పట్టుకుని వెళ్లిపోయింది."

మా అమ్మ కళ్లద్దాలు తీసి, "ఏది కదల్లేదు, ఏది వెళ్లిపోయిందే?" అని అడిగింది.

పాప స్కూలు బస్సు ఎక్కేసింది. మా అమ్మకి నేనేం చెప్పాలి?